ఏసీకి డీబీ నుంచి వేరే లైను లాగాలా, ఉన్న ప్లగ్గు చాలా?

బెజవాడ_ఎండ
విజయవాడలో ఒక పాత బిల్డింగు, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మొన్న 1.5 టన్నుల ఏసీ కొన్నాం. బెడ్‌రూములో ఉన్నది ఒక్కటే 15 యాంప్స్ ప్లగ్గు. అదే లైను బాత్‌రూములోని 3 కిలోవాట్ల గీజరుకీ వెళ్తోంది. ఏసీ నడుస్తుండగా ఒకరి తర్వాత ఒకరు స్నానానికి వెళ్తే 16 యాంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోతోంది. ఓనరు గారు పంపిన ఎలక్ట్రీషియన్ చూసి, "32 యాంప్స్‌ది వేసేస్తే సరి, మళ్లీ పడదు" అన్నాడు. డీబీ (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే పెట్టె) నుంచి వేరే లైను లాగిస్తానంటే ఓనరు గారు గోడకు గాడి కొట్టడానికి వీల్లేదంటున్నారు. దూరం 18 మీటర్లు ఉంటుంది. ఏం చేయమంటారు?

పాతకాపు
బాబూ, ఇరవై ఎనిమిదేళ్లుగా వైరింగు పని చేస్తున్నాను. ఈ కాలంలో ఏసీ అనగానే 4 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు అనడం ఫ్యాషనైపోయింది. 1.5 టన్ను ఇన్వర్టర్ ఏసీ ఎంత లాగుతుంది? ఎంత ఎండలోనైనా 8 యాంప్స్‌కు అటూ ఇటూ. 2.5 వైరు దాన్ని నిద్రలో మోస్తుంది. నేను 2.5 మీద పెట్టిన ఏసీలు వందల్లో ఉన్నాయి. ఒక్కటీ కాలలేదు. 4 వేయిస్తే బాగుపడేది వైర్ల కొట్టువాడే.

కాజా_ప్రియుడు
మే నెలలో బెజవాడలో గీజరు వేస్తున్నారా? ముందు అది చెప్పండి.

బెజవాడ_ఎండ
అమ్మకు కీళ్ల నొప్పులండీ. ఏడాది పొడుగునా వేడినీళ్లే. ఆవిడ చూసి నాన్న కూడా మొదలుపెట్టారు.

ఫేజ్_న్యూట్రల్
పాతకాపు గారు అడగని ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. ఏసీ ఒక్కటే ఉంటే 2.5 చాలు, ఒప్పుకుంటాను. ఇక్కడ గీజరుది 13, ఏసీది 8, మొత్తం 21 యాంప్స్. 16 ఎంసీబీ 18 వరకూ గంటసేపైనా ఓర్చుకుంటుంది, 23 దాటితే గంటలోపు పడి తీరాలి. 21 ఆ రెంటికీ మధ్యలో ఉంది. అందుకే వెంటనే పడకుండా రెండో స్నానందాకా ఆగుతోంది. దాని పని అది సరిగ్గానే చేస్తోంది.

ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. 32 పెడితే 36 యాంప్స్ వెళ్తున్నా గంటసేపు కదలదు. గోడలో పైపులో ఉన్న 2.5 వైరు ఇరవై చిల్లర యాంప్స్ దగ్గరే చేతులెత్తేస్తుంది. అప్పుడు ఫ్యూజుగా మారేది వైరే.

పాతకాపు
32 పెట్టమని నేనెక్కడన్నాను? అది చెప్పినవాడు మా పనికే మచ్చ. నేనన్నది 4 అక్కర్లేదని. దానికి జవాబు చెప్పండి.

వంటింటి_కబుర్లు
మా అనుభవం చెప్తాను. పోయిన చలికాలం గీజరు ప్లగ్గు దగ్గర చేపలు కాలినట్టు వాసన. సాకెట్ మీద గోధుమరంగు మరక. మొదటివాడు సాకెట్ మార్చాడు, రెండోవాడు గీజరే మార్చమన్నాడు. మూడో అబ్బాయి విప్పి చూపిస్తే, వైరు రంధ్రంలో పట్టలేదని ఎవరో సగం పోగులు కత్తిరించేసి, మిగతా సగాన్ని స్క్రూ కింద దోపారు. ముగ్గురికీ డబ్బులిచ్చాను. ఎర్త్ పిన్నుకు వైరే లేదని మూడోవాడు చెప్పేదాకా తెలీదు. పసిపిల్ల ఉన్న ఇల్లు మాది!

పాతకాపు
చూశారా అమ్మా! తప్పు వైరు సైజుది కాదు, స్క్రూది. నేను చెప్పేది అదే.

ఫేజ్_న్యూట్రల్
మీరు చెప్పింది అది కాదు. సరే, లెక్కే చూద్దాం. 18 మీటర్లంటే రానూపోనూ 36. రాగి 2.5 వైరులో దాని నిరోధం పావు ఓమ్. ఏసీ ఒక్కటే నడిస్తే వైరులో 16 వాట్ల వేడి. గీజరు కూడా కలిస్తే 109 వాట్లు. కరెంటు రెండున్నర రెట్లు పెరిగితే వేడి ఏడు రెట్లయింది. పాతకాలం వంద వాట్ల బల్బును గోడలో పూడ్చి, ప్లాస్టరింగ్ చేసినట్టు. "ఒక్కటీ కాలలేదు" అనేవాళ్ల వల్లే ఇళ్లు కాలేది.

పాతకాపు
నోరు అదుపులో పెట్టుకోండి. కాగితం మీద వాట్లు రాసినంత తేలిక కాదు నిచ్చెన మీద పని. నేను 2.5 ఎందుకు వేశానో తెలుసా? వేయమంటేనే వేశాను. 4 రాసి చీటీ ఇస్తే 2.5 కట్ట తెచ్చి "సర్దెయ్ పంతులూ" అన్నవాళ్లు ఎందరో. నలభై వేలు పోసి ఏసీ కొంటారు, నా కూలీలో రెండొందలు తగ్గించమంటారు. వాసన వస్తే మాత్రం తప్పు ఎలక్ట్రీషియన్‌ది.

కాజా_ప్రియుడు
అంటే 4 మంచిదేనన్నమాట!

పాతకాపు
అనలేదు.

ఇంటి_ఓనరు_గోడు
అందరూ వైరు గురించి కొట్టుకుంటున్నారు, ఓనర్ని ఎవరూ అడగరేం? మీటరు నా పేరు మీద ఉంది. మాది ఎప్పుడో 1 కిలోవాట్ లోడుకు తీసుకున్న కనెక్షను. అద్దెకున్నవాళ్లు ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్ అన్నీ పెట్టారు. లోడు పెరిగిందని డెవలప్‌మెంట్ చార్జీలు నాకే వచ్చాయి. వాళ్లేమో ఖాళీ చేసి వెళ్లిపోయారు, గోడకు రెండు బొక్కలు మిగిలాయి. లైను లాగొద్దని కాదు, డబ్బులెవరు పెట్టాలి అని.

వంటింటి_కబుర్లు
నెలనెలా అద్దె తీసుకునేవారు ఎర్త్ వైరైనా ఇవ్వాలి కదండీ. అది విలాసమా?

ఇంటి_ఓనరు_గోడు
ఎర్త్ నా బాధ్యతే. కాదనను. ఏసీ మీ సరదా.

ఫేజ్_న్యూట్రల్
44 డిగ్రీల ఎండలో సరదా ఏమిటండీ? సరే, బెజవాడ గారూ, గాడి అవసరం లేదు. పైకప్పు వార పీవీసీ కేసింగ్ పట్టీ వేసి, అందులో 4 ఎస్‌క్యూ ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ లాగించండి. డీబీలో దానికి విడిగా 20 యాంప్స్ ఎంసీబీ, ఏసీ దగ్గర ఏసీ బాక్స్ (సాకెట్, ఎంసీబీ కలిసి ఉండే పెట్టె). గీజరును పాత లైను మీద, పాత 16 మీదే వదిలేయండి. పని మొదలుపెట్టే ముందు డీబీకి వచ్చే వైరు ఎంతో చూపించండి. అది సన్నదైతే ఇదంతా వృథా.

బెజవాడ_ఎండ
చూపించాను, డీబీకి 6 ఎస్‌క్యూ వస్తోంది. మీరన్నట్టే నిన్న పట్టీ వేయించాను. ఖర్చు నాదే. ఎర్త్ డబ్బులు మాత్రం ఓనరు గారు అద్దెలో తగ్గించుకోమన్నారు. ఏసీ, గీజరు రెండు గంటలు కలిపి నడిపాం, ఏదీ పడలేదు. ఇంకో సందేహం. ఖాళీ చేసేటప్పుడు ఈ వైరు, ఏసీ బాక్స్ తీసుకెళ్లొచ్చా?

ఇంటి_ఓనరు_గోడు
గోడకు బిగించింది గోడదే.

పాతకాపు
తీసుకెళ్లు బాబూ. 2.5 వేసుంటే వదిలేసినా బాధుండేది కాదు.