అప్‌డేట్: బూట్‌లోడర్ జంప్ తర్వాత ప్రోగ్రామ్ ఆగిపోయే సమస్య తీరింది

కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్ ఉన్న బోర్డులో బూట్‌లోడర్ (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచి, అసలు ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) నుంచి మా ప్రోగ్రామ్‌లోకి జంప్ అవుతోంది, మెయిన్ ఫంక్షన్ దాకా వస్తోంది, కానీ మొదటి టైమర్ ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తన పని చూడమని టైమర్ ప్రాసెసర్‌కి ఇచ్చే సిగ్నల్) రాగానే ఆగిపోతోందని అడిగాను కదా. కారణం దొరికింది.

మీరు చెప్పినట్టే డీబగ్గర్‌లో వీటీఓఆర్ రిజిస్టర్ చూశాను. ఇంటరప్ట్ వస్తే ఏ ఫంక్షన్‌కి వెళ్లాలో ఉండే వెక్టర్ టేబుల్ ఎక్కడుందో ప్రాసెసర్‌కి చెప్పేది ఇదే. జంప్‌కి ముందు బూట్‌లోడర్ అందులో మా ప్రోగ్రామ్ చిరునామానే పెడుతోంది. టేబుల్‌లోని మొదటి 4 బైట్ల నుంచి స్టాక్ పాయింటర్ (స్టాక్ మెమరీ ఎక్కడుందో చెప్పేది), తర్వాతి 4 బైట్ల నుంచి రీసెట్ హ్యాండ్లర్ (ప్రోగ్రామ్‌లో మొట్టమొదట నడిచే ఫంక్షన్) చిరునామా తీసుకోవడం కూడా సరిగ్గానే ఉంది. చిక్కంతా ఆ తర్వాతే. చిప్‌తో పాటు వచ్చిన స్టార్టప్ కోడ్ మెయిన్ కన్నా ముందే నడిచి, వీటీఓఆర్‌ని మళ్లీ ఫ్లాష్ మెమరీ మొదటికి, అంటే బూట్‌లోడర్ ఉన్న చోటికి, మార్చేస్తోంది! దాంతో ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ బూట్‌లోడర్ టేబుల్ చూసి, అక్కడి డీఫాల్ట్ హ్యాండ్లర్‌లో, అంటే అంతులేని లూప్‌లో, ఇరుక్కుంటోంది.

స్టార్టప్ ఫైల్‌లో ఆఫ్‌సెట్‌ని (ఫ్లాష్ మొదటి నుంచి టేబుల్ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) మా ప్రోగ్రామ్ మొదలయ్యే 32 కేబీ దగ్గరికి మార్చాను. ఇప్పుడు నిక్షేపంగా నడుస్తోంది. జంప్‌కి ముందు బూట్‌లోడర్ వాడిన టైమర్లను ఆపేసి, పెండింగ్ ఇంటరప్ట్‌లు క్లియర్ చేయమన్న సలహా కూడా పాటించాను. అందరికీ చాలా థాంక్స్.