మస్టాంగ్: 1966 నాటిదా, 1990 నాటిదా, 2018 తరువాతిదా?

టెక్సస్_తెలుగు

అందరికీ నమస్కారం. ఫోర్డ్ మస్టాంగ్ కొనాలన్న కోరిక నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు ఇంట్లో రెండో కారుకు చోటూ, అందుకు తగిన డబ్బూ సమకూరాయి. నా ముందు మూడు దారులున్నాయి: 289 ఘనపు అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఉన్న 1966 కూపే, 1990 ప్రాంతపు ఫాక్స్ బాడీ తరం 5.0 లీటర్ల కారు, లేదా 2018 తరువాతి జీటీ (వీ8 ఉన్న మోడల్). కాగితం మీద చూస్తే నాలుగు నోళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289కి 225 హార్స్‌పవర్, ఫాక్స్ బాడీకీ అదే 225, కొత్త జీటీకి 460. అయినా పాతవాటిని నడిపినవారు కొత్తదానికి మారడానికి ఎందుకు ఇష్టపడరో నాకు అర్థం కావడం లేదు. వారాంతాల్లో నడుపుకోవడానికి, చిన్న చిన్న మరమ్మతులు స్వయంగా చేసుకోవడానికి, అప్పుడప్పుడు ఇద్దరు పిల్లలను వెనుక కూర్చోబెట్టుకోవడానికి ఏది తగినదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత_గ్యారేజీ

ముందుగా ఆ రెండు 225ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే అవి రెండూ ఒకటి కావు. 1971 వరకూ అమెరికా కంపెనీలు ప్రకటించిన అంకెలు ఇంజన్‌ను ఒక్కదాన్నే బల్ల మీద బిగించి, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఆల్టర్నేటర్ వంటివేవీ లేకుండా కొలిచినవి. 1972 మోడళ్ల నుంచి ఇంజన్ కారులో ఎలా పనిచేస్తుందో అలాగే, అన్ని పరికరాలూ తగిలించి కొలవడం మొదలైంది. కాబట్టి 1966 నాటి 225ను 1990 నాటి 225 పక్కన పెట్టకూడదు. పాత ఇంజన్ నుంచి చక్రాలకు చేరే శక్తి అంతకంటే బాగా తక్కువ.

అయితే ఆ కారు నడిపితే శక్తి తక్కువన్న భావన కలగదు. ఫాల్కన్ అనే చిన్న కారు పునాది మీద కట్టినది కనుక వీ8తో కలిపి కూడా దాని బరువు సుమారు 1,300 కిలోలు మించదు. పైకప్పును మోసే స్తంభాలు సన్నగా ఉంటాయి, కిటికీలు కిందికి దిగి ఉంటాయి, బానెట్ నాలుగు మూలలూ సీటులో నుంచే కనిపిస్తాయి. గంటకు 40 మైళ్ల వేగంలోనే స్టీరింగ్ బరువూ, ఇంజన్ ఊపిరీ, రోడ్డు మీద ప్రతి అతుకూ చేతికి తెలుస్తాయి. నేను ఆ కారును ప్రేమించే కారణం ఇదే: వేగ పరిమితి లోపలే అది తన దగ్గర ఉన్నదంతా ఇచ్చేస్తుంది.

ఇక పిల్లల సంగతి. 1966 వరకూ బ్రేకులకు ఒకే సర్క్యూట్ ఉండేది, అంటే ఎక్కడైనా ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేకు ద్రవానికి అందించే భాగం) వచ్చింది. డ్రమ్ బ్రేకులు పొడవైన దిగుడులో వేడెక్కి పట్టు తప్పుతాయి. పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల, వెనుక సీటుకూ దానికీ మధ్య దిట్టమైన అడ్డు గోడ లేదు. నా కారుకు ముందు డిస్క్ బ్రేకులు, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్, డిక్కీకీ సీటుకూ మధ్య ఉక్కు రేకు బిగించాను. అయినా వెనుక సీట్లో పిల్లలను ఎక్కించను.

ఐదు_లీటర్లు

పాత_గ్యారేజీ గారు చెప్పిన 40 మైళ్ల మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ ఆ సుఖం 1966తో ఆగిపోలేదని చెప్పాలి. ఫాక్స్ బాడీ 1979లో వచ్చి 1993 వరకూ నడిచింది. పేరుకు 5.0 అయినా దాని ఇంజన్ నిజానికి 4,942 సీసీ, పాత 302 ఘనపు అంగుళాల ఇంజన్ వంశానికి చెందినదే. 1987 నుంచి దానికి 225 హార్స్‌పవర్, 300 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) ఇచ్చారు. ఆ టార్క్ అంతా కింది ఆర్‌పీఎంలోనే అందుతుంది కనుక మూడో గేరులో ఉండి కూడా కారు సులువుగా ముందుకు దూకుతుంది.

మీరు స్వయంగా పని చేసుకోవాలనుకుంటున్నారు కాబట్టి ఒక వివరం ముఖ్యం. 1986లో ఈ వీ8కి సీక్వెన్షియల్ ఇంజెక్షన్ (ఒక్కో సిలిండర్‌కు దాని వంతులో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చింది, కానీ మొదట్లో అది గాలి ఎంత వస్తున్నదో నేరుగా కొలవకుండా, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల (మానిఫోల్డ్) ఒత్తిడిని బట్టి లెక్కగట్టేది. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మారిస్తే ఆ లెక్క తప్పి ఇంజన్ నిలకడగా తిరగదు. 1989 నుంచి అన్ని రాష్ట్రాలలోనూ గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్ సెన్సర్ అమర్చారు. అది మార్పులను చాలావరకు తానే సర్దుకుంటుంది. 1990లో డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ కూడా వచ్చింది. అందువల్ల 1990 నుంచి 1993 వరకు ఉన్నవాటిలో వెతకమని నా సలహా.

ఈ తరం దాదాపు చివరిది అయ్యేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 1980లలో ఫోర్డ్ మాజ్డా పునాది మీద ముందు చక్రాల డ్రైవ్‌తో ఒక కారు తయారుచేసి, దానికే మస్టాంగ్ పేరు పెట్టాలని తలపెట్టింది. అభిమానులు ఉత్తరాలతో ముంచెత్తడంతో ఆ కారు ప్రోబ్ అన్న వేరే పేరుతో బయటికి వచ్చింది, మస్టాంగ్ వెనుక చక్రాల మీదే నిలిచింది.

టెక్సస్_తెలుగు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మధ్యలో ఉన్న తరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. 1974, 1994, 2005 నాటివి పరిశీలించదగినవేనా?

డెట్రాయిట్_దగ్గర

1974 నాటి మస్టాంగ్ 2 చరిత్రకు ముఖ్యమే గాని మీ అవసరానికి కాదు. 1973 అక్టోబరు చమురు సంక్షోభం వేళ బాగా అమ్ముడైంది, కానీ ఆ మొదటి ఏడాది దానికి వీ8 అసలు లేదు, 1975లో మళ్లీ వచ్చింది. 1994 తరం ఫాక్స్ పునాదినే గట్టిపరచి గుండ్రటి రూపం ఇచ్చినది. 1996లో పాత 5.0 పోయి ఓవర్‌హెడ్ కామ్ (కామ్‌షాఫ్ట్ సిలిండర్ల పైన ఉండే) 4.6 లీటర్ల ఇంజన్ వచ్చింది.

2005 కారు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1960ల రూపాన్ని తిరిగి తెచ్చినది అదే. 300 హార్స్‌పవర్ 4.6తో మొదలై, 2011లో 412 హార్స్‌పవర్ ఉన్న కయోటీ అనే కొత్త 5.0 ఇంజన్‌ను అందుకుంది. నేను చాలాకాలం నడిపిన కారు ఆ తరానిది. వెనుక ఇరుసు ఎడ్లబండి ఇరుసులా ఒకే కమ్మీ: ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రం కూడా కదులుతుంది. శీతాకాలం తరువాత మిషిగన్ రోడ్ల మీద, ముఖ్యంగా మలుపు మధ్యలో గుంట వస్తే, కారు వెనుక భాగం పక్కకు జరిగేది.

నా దృష్టిలో పాత మస్టాంగ్, కొత్త మస్టాంగ్ అన్న గీత గీయవలసింది 2015లోనే. ఆ ఏడాది నుంచి అన్ని మోడళ్లకూ వెనుక చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ వచ్చింది. (1999 నుంచి 2004 వరకు కోబ్రాలో ఉండేది గాని అది ప్రత్యేక మోడల్.) అంతకుముందు కారు తిన్నటి రోడ్డుకు పుట్టినట్టు ఉండేది, ఆ తరువాత మలుపులో కూడా నమ్మదగినది అయింది. 2018లో 460 హార్స్‌పవర్, 10 గేర్ల ఆటోమేటిక్ చేరాయి. బదులుగా బరువు 1,700 కిలోల దాకా పెరిగింది, తలుపుల పై అంచు ఎత్తుగా లేచి కిటికీలు చిన్నవయ్యాయి. ఇక దాని అసలు సామర్థ్యం రోడ్డు మీద వాడగలిగేది కాదు. రెండో గేరు పూర్తయ్యేసరికే చాలా చోట్ల వేగ పరిమితి దాటిపోతారు.

2024 తరంలో ముందు గాజుకింద అంతా తెరలే. ఆ తెర మీద ఫాక్స్ బాడీ నాటి మీటర్ల రూపాన్ని కూడా తెచ్చుకోవచ్చు, అది నాకు నచ్చింది. అయితే ఎలక్ట్రానిక్స్‌లో మార్పులు చేయడం ముందు తరాలంత సులువు కాదు కనుక, చేతిపని కోరేవారికి 2018 నుంచి 2023 వరకు ఉన్నవే మేలు.

గచ్చిబౌలి_వాసి

భారతదేశానికి 2016లో వచ్చిన జీటీ నా దగ్గరి బంధువు ఒకరికి ఉంది. అప్పట్లో ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 65 లక్షలు. ఫ్యాక్టరీలోనే కుడి వైపు స్టీరింగ్‌తో తయారైన మొదటి తరం అది. ఔటర్ రింగ్ రోడ్డు మీద దానికి సాటి లేదు, కానీ కాలనీలోకి తిరిగాక ప్రతి స్పీడ్ బ్రేకర్‌నూ ఏటవాలుగా దాటించవలసిందే. వెనుక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు. పదేళ్ల లోపు పిల్లలు సర్దుకుంటారు.

టెక్సస్_తెలుగు

పిల్లల మాట వల్ల 1966 కారును పక్కన పెట్టాను. 2018 జీటీ సురక్షితమే గాని, దానికి స్వయంగా చేయగల పని తక్కువ. ఊళ్లో 1991 ఎల్‌ఎక్స్ 5.0 (ఫాక్స్ బాడీలోనే ఒక మోడల్) ఒకటి అమ్మకానికి ఉంది, గేర్‌బాక్స్ మాన్యువల్. పిల్లలతో వెళ్లడానికి ఇంటి కారు ఉండనే ఉంది కనుక దీన్ని నా ఒక్కడి కోసమే చూస్తున్నాను. చూడటానికి వెళ్లినప్పుడు ఏమేమి పరీక్షించాలి?

ఐదు_లీటర్లు

లిఫ్ట్ మీద ఎత్తించకుండా డబ్బు ఇవ్వకండి. వెనుక సస్పెన్షన్ చేతులు బాడీకి కలిసే పెట్టెల్లాంటి భాగాలను టార్క్ బాక్సులంటారు. కారును డ్రాగ్ రేసులకు వాడి ఉంటే అక్కడి వెల్డింగులు విడిపోయి, రేకు చిరిగి ఉంటుంది. కొత్తగా రంగు పూసి కనిపిస్తే మరింత అనుమానించండి. తరువాత ముందు సస్పెన్షన్ పైభాగం బిగించే స్ట్రట్ టవర్ల చుట్టూ, బ్యాటరీ కింద, హ్యాచ్ అంచుల్లో తుప్పు చూడండి. ఇంజన్ బాగా వేడెక్కేవరకు నడిపి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి. డిస్ట్రిబ్యూటర్‌కు బిగించి ఉండే ఇగ్నిషన్ మాడ్యూల్ వేడికి చెడిపోతే అప్పుడే బయటపడుతుంది. మాడ్యూల్ ఖరీదు పెద్దది కాదు కాబట్టి ఆ ఒక్క లోపం కోసం కారును వదులుకోనక్కరలేదు. టార్క్ బాక్సులు చిరిగి ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.