నేల–నీటి శిక్షణకు ఇజ్రాయెల్ దాకా వెళ్లాలా?

చలకనేల: మా శాఖ నుంచి ఆరుగురిని నేల జలశాస్త్రం, నీటి సంరక్షణలో శిక్షణకు ఆరు వారాలు ఇజ్రాయెల్ పంపే ప్రతిపాదన వచ్చింది. పటాన్‌చెరులో 1972 నుంచి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. ఆఫ్రికా నుంచి అక్కడికి నేర్చుకోవడానికి వస్తారు. 1999లో మొదలైన కొత్తపల్లి వాటర్‌షెడ్ (వాన నీటిని ఎక్కడికక్కడ ఆపే పనులు) చూసి వెళ్తారు. పెరట్లో బావి ఉండగా పొరుగూరికి బిందె పట్టుకుని వెళ్లడం ఎందుకు?

పాతకాలువ: నీటిపారుదల ఇంజినీరుగా రిటైరయ్యాను. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 11 నెలలు చదివాను. మొదటి వారమే మా చేత రెండు ఇనుప వలయాలు, ఒకదాని లోపల ఒకటి, నేలలోకి దిగగొట్టించారు. రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి వలయంలో మట్టం ఎంత తగ్గిందో పొద్దంతా రాయాలి. బయటి వలయంలో నీళ్లు ఎందుకంటే, లోపలివి పక్కలకు పోకుండా నేరుగా కిందికి ఇంకడానికి. ఇక్కడ ఈ పరీక్షను బట్టీపట్టి పాసయ్యాను, ఒక్కసారీ చేసింది లేదు.

రేగడిరైతు: నెదర్లాండ్స్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టం కంటే పల్లం. వాళ్ల బాధ నీళ్లు బయటికి తోడడం, మన బాధ పడిన చినుకును ఆపుకోవడం. వేసవిలో మా చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు. తొలకరి వాన గటగటా దిగిపోతుంది. మట్టి ఉబ్బి నెర్రెలు పూడాక అదే చేలో నీళ్లు ఇంకవు, నిలుస్తాయి. మీ వలయాల లెక్క ఏ రోజుది?

పాతకాలువ: అందుకే ఇజ్రాయెల్ అంటున్నది. నెగెవ్ ఎడారిలో చాలా చోట్ల ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడవు. అనంతపురానికి సగటున సుమారు 550. అంత తక్కువలో వాళ్లు పండిస్తున్నారు, మనం ఎండబెడుతున్నాం.

సీమవాసి: 550 ఎక్కడిదండీ? నిరుడు మా మండలంలో పడలేదు.

పాతకాలువ: సగటు అన్నాను.

రేగడిరైతు: వాళ్లు పండించేది వానతో కాదు. 1964లోనే గలిలయ సరస్సు నుంచి దక్షిణానికి నీళ్లు తోడుకున్నారు. మురుగునీటిలో ఎనభై శాతానికి పైగా శుద్ధిచేసి వాడుకుంటున్నారు. పైగా వాళ్ల వాన చలికాలంలో పడుతుంది, తడి తొందరగా ఆరదు. మనకు ఎండ మండేటప్పుడు రెండు గంటల్లో కుమ్మరించి పోతుంది.

సీమవాసి: కుమ్మరించినా 550 కాదు.

బోరుబావి: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల మట్టం కొలిచి, రబీకి ముందు నీటి లెక్క కట్టుకున్నారు. అది చూసి మా ఊళ్లోనూ కొన్నాళ్లు కొలిచాం. బావిలోకి తీగ దించితే నీళ్లు తగలగానే బజరు మోగేది. బ్యాటరీ అయిపోయింది, మార్చడానికి మేమే బద్ధకించాం. విమానం ఎక్కినా ఆ బద్ధకం పోదు.

పాతకాలువ: చలకనేల గారూ, సూటిగా అడుగుతున్నాను. ఆ ఆరుగురిలో మీ పేరు ఉందా?

చలకనేల: లేదు. ఉంటే ఈ చర్చ పెట్టేవాడిని కాదేమో, అదీ ఒప్పుకుంటాను. పదకొండేళ్లుగా గట్లు, చెక్‌డ్యాంల వెంట తిరుగుతున్నది నేను. వెళ్లేవారిలో ఇద్దరికి ఏడాదిలో పదవీ విరమణ, ఒకరు జమాఖర్చుల విభాగం. కిందటిసారి వెళ్లొచ్చినాయన్ను నెల తిరక్కుండా గిడ్డంగులకు బదిలీ చేశారు. ఆయన తెచ్చిన టెన్షియోమీటరు, అంటే నేలలో తడిని కొలిచే పరికరం, పెట్టెతో సహా నా బీరువాలో ఉంది. సీలు కూడా విప్పలేదు.

పాతకాలువ: ఈ మాట మొదటే చెప్పాల్సింది. డెల్ఫ్ట్ నుంచి వచ్చాక నన్నూ మూడేళ్లు టెండర్ల ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టారు. అయినా పంపడం మానకూడదు. చిన్న వయసువారిని పంపి, అయిదేళ్లు అదే పనిలో ఉంచేలా రాయించుకోవాలి.

రేగడిరైతు: రాయించుకునేదెవరు? బదిలీ చేసేవారేగా! ఆ పెట్టె ఆదివారం మా చేనికి తీసుకురండి.

పాతకాలువ: తెచ్చేముందు దాని పింగాణీ మొనను రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. రేగడి కాబట్టి తడి ఉన్నప్పుడే పాతాలి. నెర్రె విచ్చితే మొనకు మట్టి తగలదు, రీడింగు పోతుంది.

రేగడిరైతు: ఇది డెల్ఫ్ట్‌లో చెప్పారా?

పాతకాలువ: లేదు. ఇక్కడే ఒకటి పాడుచేసుకున్నాక తెలిసింది.

సీమవాసి: ఇంతకీ ఆ 550 ఎవరు కొలిచారో చెప్పలేదు.