‘అనగ ననగ’ తర్వాత రాగమా, మాటా?

గోదారిగట్టు: నత్తిని దాచుకోకుండా ముందే చెప్పేయడం మీద కరపత్రం వేస్తున్నాం. పైన వేమన పాదం: ‘అనగ ననగ మాట యతిశయిల్లుచునుండు’. ‘మాట’ దగ్గరే అనుమానం పీకుతోంది.

పాతప్రతి: ‘రాగ మతిశయిల్లుచునుండు’ కదండీ.

యతిప్రేమి: ఛందస్సు మీకు సాయం రాదు పాతప్రతి గారూ. రాగ, మాట రెండూ హగణాలే, అంటే గురువు తర్వాత లఘువు. అకారానికి యకారంతో యతి చెల్లుతుంది.

నెమ్మదిమాట: ఏదైనా ఆ పద్యం అక్కడ వద్దండీ. ‘సాధనమున పనులు సమకూరు’ అని ఊరంతా చెప్పేదే. నత్తి సాధన లోపం కాదు. ఒంటరిగా గడగడా చదివేవాళ్లకే ఫోనెత్తగానే మాట పట్టేస్తుంది. సాధన చెయ్యాల్సింది బయటపెట్టడం. మొదటి అర నిమిషంలోనే “నాకు నత్తి ఉంది. మాట ఆగితే కాస్త ఆగండి, మీరు పూర్తి చెయ్యొద్దు” అనాలి. ముందు ‘క్షమించండి’ తగిలిస్తే చెడుతుంది, తప్పు చేసినట్టు వినిపిస్తుంది. తర్వాత తేలిగ్గా వచ్చే మాట మీదే కావాలని నత్తి పెట్టాలి: పె-పె-పెరుగు. పెదవులు వదులుగా ఉండాలి. బిగిస్తే ఉత్తుత్తి నత్తి కాస్తా నిజం నత్తయి కూర్చుంటుంది.

పాతప్రతి: నత్తికి చికిత్స చేసిన అమెరికా నిపుణుడు వాన్ రైపర్ పద్ధతేగా! ఆయనకూ నత్తే. ఇరుక్కున్న మాట పూర్తిచేసి, ఓ 3 సెకన్లు ఆగి, అదే మాట వదులుగా మళ్లీ అనడం కూడా ఆయనదే.

నెమ్మదిమాట: ‘పూర్తిచేసి’ అన్నదే కీలకం. సగంలో వెనక్కెళ్లి మళ్లీ ఎత్తుకుంటే అదీ దాపరికమే.

యతిప్రేమి: దాపరికానికి మన భాష మహా అనువు. నీళ్లు రాకపోతే జలం, అదీ రాకపోతే ఉదకం. అమరకోశం నోటికొచ్చినవాడి నత్తి ఎవరు పట్టుకుంటారు?

నెమ్మదిమాట: పేరు అడిగినవాళ్లు. దానికి పర్యాయపదం ఉండదుగా.

గోదారిగట్టు: ‘నత్తి’ అనే వెయ్యాలా, ‘తడబాటు’ అనా? కొందరు నొచ్చుకుంటున్నారు.

పాతప్రతి: నత్తే వెయ్యండి. తడబాటు దొంగసాక్షికీ ఉంటుంది. నంగి వేరు, తొక్కుపలుకులు పసివాళ్లవి. అసలు నత్త నుంచే నత్తి వచ్చిందని నా ఊహ.

యతిప్రేమి: ఊహే. నత్తది నిదానం, నత్తిది అడ్డు. నిదానంగా మాట్లాడేవాణ్ణి నత్తివాడంటామా?

గోదారిగట్టు: సరే, పాదం సంగతి?

పాతప్రతి: ‘మాట’ ఉన్న ప్రతి చూపించండి, ఒప్పుకుంటా. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన దగ్గర్నుంచి వేమనకు ఎవరి పాఠం వాళ్లదే, అయినా ప్రతంటూ ఒకటుండాలి.

యతిప్రేమి: ముందు మీ రాగం పాటో అనురాగమో తేల్చండి.