ఆకారమే లేని ప్రోటీన్‌ను రిసెప్టర్ ఎట్ల గుర్తుపడ్తది?

హన్మకొండ_బయోకెమ్:
అన్నలూ, అక్కలూ, కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ చదువుతున్న. వచ్చే వారం ఎస్‌ఆర్‌సీ-3 మీద సెమినార్. అది కో-యాక్టివేటర్, అంటే రిసెప్టర్‌తోని కలిసి జీన్‌ను నడిపించే ప్రోటీన్. డిగ్రీ నుంచి తాళం–చెవి లెక్క ఆకారాలు సరిపోతేనే ప్రోటీన్లు కలుస్తయనే చదివినం. ఇప్పుడేమో ఈ కో-యాక్టివేటర్ల చానా భాగానికి స్థిరమైన ఆకారమే లేదంటున్నరు. మరి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను పట్టే ప్రోటీన్) దాన్ని ఎట్ల పట్టుకుంటది? రూమ్మేట్‌ను అడిగితే "బట్టీ కొట్టురా, ఎవడడుగుతడు" అన్నడు.

జమ్మికుంట_ఎన్‌ఎంఆర్:
బట్టీ వద్దు తమ్మీ, నేను పీహెచ్‌డీ చేసేది ఇసొంటి ప్రోటీన్ల మీదనే. రిసెప్టర్‌కు మొత్తం ప్రోటీన్‌తోని పనిలేదు. దానికి కావాల్సింది ఎల్‌ఎక్స్‌ఎక్స్‌ఎల్‌ఎల్ అనే ఐదు అమైనో ఆమ్లాల ముక్క. మూడు ల్యూసిన్లు, నడుమ వేరే రెండు. 1997ల తేల్చిన్రు. హార్మోన్ వచ్చి కూసుంటే రిసెప్టర్ 12వ హెలిక్స్ (స్ప్రింగు లెక్క చుట్టుకున్న భాగం) దాని మీదికి మూసుకుంటది, పక్కన నీళ్లు గిట్టని గాడి తయారైతది. గప్పటిదాక వదులుగ ఆడుతున్న ముక్క అండ్ల పడి చిన్న హెలిక్స్ అయితది. ల్యూసిన్లు గాడిలకు దిగుతయ్. రెండు కొనలను రిసెప్టర్‌ల 362వ అమైనో ఆమ్లం లైసిన్, 542వది గ్లుటామేట్ పట్టుకుంటయ్. ఈ 542 ఉన్నది 12వ హెలిక్స్ మీదనే, అందుకే హార్మోన్ లేకుంటే పట్టు కుదరదు. మిగతా పొడుగు చానా మటుకు వదులుగనే ఉండి ఇంకో చోట సీబీపీ అనే ఇంకో ప్రోటీన్‌ను పట్టుకుంటది. సీబీపీ హిస్టోన్లకు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు) అసిటైల్ గ్రూపులు తగిలిస్తది, డీఎన్‌ఏ చుట్టు వదులైతది, జీన్ నడుస్తది.

మెడికల్_షాపు_వరంగల్:
రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ అమ్ముతుంట. గది గీ గాడినే మూస్తదా?

జమ్మికుంట_ఎన్‌ఎంఆర్:
మూసేది మందు కాదన్నా, 12వ హెలిక్సే! మందుకున్న పొడుగు తోక అడ్డమొచ్చి హెలిక్స్‌ను దాని జాగల ఉండనియ్యదు. అది పోయి గాడిల పడుకుంటది, ఎందుకంటే దాంట్ల ల్యూసిన్ ముక్కకు దగ్గరి పోలికున్న వరుస ఉన్నది. నాకైతే మొత్తంల గిదే భలే అనిపిస్తది. కానీ గర్భసంచిల టామాక్సిఫెన్ ఈస్ట్రోజెన్ లెక్కనే పనిచేస్తది. ఎవరన్న బ్లీడింగ్ అంటే డాక్టర్ దగ్గరికి పంపుండ్రి.

హన్మకొండ_బయోకెమ్:
సీబీపీకన్న ఆకారం ఉంటదా అన్నా?

జమ్మికుంట_ఎన్‌ఎంఆర్:
ఎస్‌ఆర్‌సీ-3ని పట్టే భాగం సగం సగమే మడతపడి ఉంటది. రెండూ కలిస్తేనే రెండూ గట్టిపడ్తయ్, 2002ల చూపెట్టిన్రు. పీడీబీల (ప్రోటీన్ ఆకారాల డేటాబేస్) 1కేబీహెచ్ అనే ఎంట్రీ చూడు. సెమినార్‌కు 3ఈఆర్‌డీ (గాడిల ముక్క పడ్డ రిసెప్టర్), 3ఈఆర్‌టీ (టామాక్సిఫెన్ రకం మందు పట్టిన రిసెప్టర్) పక్కపక్కన పెట్టి 12వ హెలిక్స్‌కు ఎర్రరంగు వెయ్యి. 3ఈఆర్‌డీల ఉన్నది దీని తోబుట్టువు లాంటి ఎస్‌ఆర్‌సీ-2 ముక్క, ఎస్‌ఆర్‌సీ-3ది కాదు. మీ సార్ కచ్చితంగ అడుగుతడు.