ఈత రానివాళ్ళని పగడాల మీదకి స్నార్కెలింగ్‌కి పంపొచ్చా?

ఉప్పుగాలి:
పోయిన వారమే అండమాన్ నుంచి వచ్చాను. హావ్‌లాక్ జెట్టీ నుంచి బోటులో 20 నిమిషాలు వెళ్తే ఎలిఫెంట్ బీచ్. (2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, అందరి నోటా ఇంకా హావ్‌లాకే.) స్నార్కెలింగ్ అంటే మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద బోర్లా తేలుతూ కిందికి చూడటమే. నీళ్ళలో తల పెట్టగానే జింక కొమ్ముల్లాంటి పగడాలు. చిలుక చేపలు వాటిని గీరుకు తింటుంటే కరకరమని చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంతలో నా పక్కనే ఒకాయన మాస్క్‌లోకి నీళ్ళు వచ్చాయని కంగారుపడి రెండు కాళ్ళూ పగడం మీద పెట్టేశాడు. చిటికెన వేలంత కొమ్ము విరిగి ఇసుకలో పడింది. గైడు "కుఛ్ నహీ హోతా" (ఏం కాదులే) అంటూ ఆయన్ని లాక్కుపోయాడు.

ఆ కొమ్ము ఏడాదికి ఓ పది సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. గుండ్రంగా బండల్లా ఉండే రకాలైతే సెంటీమీటరు అటూ ఇటూ. 50 మీటర్లు ఈదగలిగితేనే దించాలని రూలు పెడితే తప్పేంటి? మిగతావాళ్ళకి అడుగున అద్దం ఉన్న బోటు ఎలాగూ ఉంది.

సీతమ్మధార అమ్మాయి:
మీ రూలు మా అమ్మ ముందు చదవండి అన్నయ్యా. ఆవిడకి 61 ఏళ్ళు, అనకాపల్లి దగ్గర పల్లె. ఊళ్ళో పెద్ద చెరువుంది. మావయ్యలందరూ అందులోనే ఈత నేర్చుకున్నారు, అమ్మని మాత్రం బట్టలుతకడానికే దిగనిచ్చారు. పంజాబీ డ్రెస్ మీద లైఫ్ జాకెట్ కట్టుకుని, గైడు లాగే గాలి ట్యూబు పట్టుకుని, పది నిమిషాలు నీళ్ళలో ఉంది. బయటికొచ్చి "ఒసే, పచ్చటి చేప నా చెయ్యి పక్కనుంచే పోయిందే!" అంది. అదే చేప అద్దం బోటులో గీతల వెనక మసగ్గా కనిపించింది మాకు. మీ రూలు పెడితే స్విమ్మింగ్ పూల్ ఉన్న అపార్టుమెంట్ల వాళ్ళకే సముద్రం.

కాగితం పడవ:
కాళ్ళ గురించేనా? ఒళ్ళంతా పూసుకుని దిగే సన్‌స్క్రీన్ సంగతో? హవాయిలో, పగడాలకి హాని అని, ఆక్సీబెంజోన్ అనే రసాయనం కలిసినవాటి అమ్మకాన్ని 2021 నుంచే ఆపేశారు. ఫుల్ చేతుల టీషర్టు వేసుకుంటే పోయేదానికి!

ఉప్పుగాలి:
దానికి వేరే థ్రెడ్ తెరవండి బాబూ.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
మా తాతలది శ్రీకాకుళం, నేను పుట్టింది ఇక్కడే. ఎనిమిదేళ్ళు గైడుగా ట్యూబు లాగాను, ఇప్పుడు మానేశాను. కాళ్ళు కింద పెట్టేది ఈత రాక కాదండీ, మాస్క్‌లోకి నీళ్ళు కారి. మీసం ఉంటే పైపెదవి దగ్గర మాస్క్ సరిగా అతుక్కోదు. మనవాళ్ళు బోటు దిగుతుంటేనే నాకు టెన్షన్.

అసలు తలనొప్పి ఈత వచ్చినవాళ్ళతోనే. ట్యూబు వద్దంటారు, ఫోటో కోసం పగడం మీద నిలబడతారు. రానివాళ్ళు భయానికి ట్యూబు వదలరు. చేతులు ముందుకి చాచి పట్టుకుంటే ఒళ్ళు బోర్లా తేలుతుంది, కాళ్ళు పైకే ఉంటాయి. ముందు ఇసుక మీద, మోకాలి లోతులో, నోటితో గాలి పీల్చడం ఐదు నిమిషాలు అలవాటు చేస్తే చాలు. ఇంకో మాట. 2010లో నీళ్ళు వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లగా పాలిపోయాయి. అప్పుడు వాటిని ఏ టూరిస్టు తొక్కాడు?

ఉప్పుగాలి:
జ్వరంతో పడుకున్నవాడిని తొక్కినా పర్లేదన్నట్టుంది. వన్యప్రాణి చట్టంలో పగడం పులితో పాటు మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. అండమాన్‌లోనే జాలీ బాయ్ దీవి చూడండి, అక్కడికి బోటెక్కే వండూర్ జెట్టీలోనే ప్లాస్టిక్ సీసాలు ఆపేస్తారు, వానల్లో ఆ దీవికి బోట్లే నడపరు. మరి ఎలిఫెంట్ బీచ్‌లో? ఒకరి మొహం మీంచి తీసిన మాస్క్ ఇంకొకరికి తగిలించడమే. ఆ ఐదు నిమిషాలు ఎవరికిచ్చారు?

సీతమ్మధార అమ్మాయి:
పులిని చూడ్డానికి జీపెక్కాలంటే పరుగు వచ్చి ఉండాలని రూలేం లేదుగా.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
ఒకరి వెనక ఒకరిని దించేస్తారన్న మాట నిజమే. మాకు డబ్బులొచ్చేది మనిషికింతని. ఒకరికి నేర్పుతూ కూర్చుంటే ఇంకో బేరం పోతుంది. నేను మానెయ్యడానికి అదీ ఓ కారణం. రూలు పెట్టాలంటే గైడు రోజుకి ఎన్నిసార్లు దిగాలో దానికి పెట్టండి. సముద్రం బాగా వెనక్కి తీసినప్పుడు కొన్నిచోట్ల పగడం మీద నడుం లోతు నీళ్ళు కూడా ఉండవు. ఆ టైములో ఎవ్వర్నీ దించకూడదు, ఈతలో మెడల్ వచ్చినవాణ్ణయినా సరే.

ఉప్పుగాలి:
ఆ రెంటికీ నా ఓటు. ఈత రూలు మాత్రం వెనక్కి తీసుకోను. ఆ విరిగిన కొమ్ము ఇంకా కళ్ళలోనే ఉంది.

సీతమ్మధార అమ్మాయి:
ఫిబ్రవరిలో నాన్నగారిని కూడా తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆయనకి గుబురు మీసం. తీయించమంటే కొడతారు.

పోర్ట్‌బ్లెయిర్ తెలుగోడు:
మీసం మీద కాస్త వాజెలిన్ రాయండి.

కాగితం పడవ:
అది కూడా సముద్రంలోకేగా?