నెమ్మదిగా సాగే సినిమా నచ్చకపోతే తప్పు ప్రేక్షకుడిదేనా? (రెండో ఆట, కిటికీ సీటు, మాట్నీ అనే మారుపేర్లతో ముగ్గురి చర్చ)

రెండో ఆట:
బేలా తార్ తీసిన హంగేరియన్ సినిమా ‘ది ట్యూరిన్ హార్స్’ (2011) చివరిదాకా చూశాను. 146 నిమిషాలు, దాదాపు 30 షాట్లే (కట్ లేకుండా ఏకబిగిన తీసిన ముక్కలు). బయట ఆగని గాలి. ఇంట్లో ఒక చెయ్యి పనిచేయని తండ్రి, ఆయనకి బట్టలు తొడిగే కూతురు, కదలనని మొండికేసిన గుర్రం. తిండికి చెరొక ఉడికిన బంగాళాదుంప. మర్నాడూ అంతే.

మొదటి రోజే వాళ్ల బతుకు నాకు అర్థమైంది. ఆ తర్వాత అదే ఎందుకు చూడాలి అని అడిగితే, ‘మీకు ఓపిక లేదు, ఫైట్లకీ పాటలకీ అలవాటు పడ్డారు’ అంటారు ఇలాంటి సినిమాల అభిమానులు. కోపం వచ్చేది ఇక్కడే. దర్శకుణ్ణి అడగాల్సింది అడిగితే నా అభిరుచి మీద తీర్పు చెప్పడమేమిటి?

కిటికీ సీటు:
అలా అనడం తప్పేనండీ. కానీ అది అదే సీను కాదు. మొదటి రోజు కెమెరా తండ్రి తినడం చూపిస్తుంది, రెండో రోజు కూతురిని. తర్వాత బావి ఎండిపోతుంది, దీపం వెలగదు. చివరికి నిప్పు కూడా ఉండదు, పచ్చి దుంప కొరుకుతాడు. వేడి దుంప అన్నిసార్లు చూశాం కాబట్టే ఆ పచ్చి దుంప దగ్గర గుండె పట్టేస్తుంది.

మాట్నీ:
1960లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ సినిమా ‘లావెంచురా’ వేస్తే జనం గేలి చేశారు. అదే ఉత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. ఇప్పుడది క్లాసిక్. కాస్త టైమ్ ఇవ్వాలి.

రెండో ఆట:
మాట్నీ గారూ, గేలి చేసిన ఒక సినిమా గొప్పదైతే, విసుగు తెప్పించినవన్నీ గొప్పవైపోవు కదా.

కిటికీ సీటు గారూ, మీరు సినిమాలోంచే జవాబు చెప్పారు, సంతోషం. పచ్చి దుంప సీను బలమైనదే. అయినా శాంటాల్ అకెర్మన్ తీసిన ‘జాన్ డీల్మన్’ (1975) చూడండి. 201 నిమిషాలు, ఇంకా పొడవు. నాకు ఒక్క క్షణం విసుగు రాలేదు. అందులోని ఇల్లాలు ఏ పనైనా లెక్క తప్పకుండా చేస్తుంది. రెండో రోజు దుంపలు ఎక్కువ ఉడికిపోతాయి. గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక గదుల్లో తిరుగుతుంది. అంతే, నాకు టెన్షన్ మొదలైంది. అక్కడ ప్రతి నిమిషం ఆమె మీద బరువు పెంచుతోంది. తార్ సినిమాలో పతనం ఎటు పోతుందో ముందే తెలిసిపోయింది, మిగిలింది ఎదురుచూడటమే.

కిటికీ సీటు:
ముందే తెలిసినా ఆపలేకపోవడమే కదండీ ఆ సినిమా?

రెండో ఆట:
కావచ్చు. ఆ నిస్సహాయత వాళ్లది. నాకు మాత్రం వాళ్ల మీద బెంగ కలగలేదు, గడియారం మీదే చూపు పోయింది.